తవ్విన తర్వాత రద్దు చేస్తే బిల్లు ఎవరిది? సిన్సినాటి ట్రాం గొడవ, మన జిల్లా పనులు

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. మన దగ్గర ఏ పని గురించి మాట్లాడుకున్నా, డ్రైనేజీ కానీండి, రేవు కానీండి, చర్చ చివరికి వాళ్ళు మొదలుపెట్టారు వీళ్ళు ఆపారు అన్న దగ్గరికొచ్చి ఆగిపోతోంది. అందుకని ఈసారి మన పార్టీలతో సంబంధం లేని ఊరి సంగతి ఒకటి ముందు పెడుతున్నాను. ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ విషయం మీద చాలా రోజులుగా చదువుతున్నాను.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో సిన్సినాటి అని ఒక ఊరు. జనాభా మూడు లక్షలు, మన నెల్లూరు కంటే తక్కువ. అక్కడ రోడ్డు మీద పట్టాలేసి కరెంటు ట్రాం నడపాలని మార్క్ మలోరీ మేయరుగా ఉన్నప్పుడు తలపెట్టారు. గిట్టనివాళ్ళు 2009లో ఒకసారి, 2011లో ఒకసారి దీని మీద జనం చేత ఓటింగు (బ్యాలెట్) పెట్టించారు. రెండుసార్లూ ట్రాంని అడ్డుకునే ప్రతిపాదన ఓడిపోయింది, రెండోసారి మాత్రం చాలా తక్కువ తేడాతో. ఆ 2011లోనే గవర్నరు జాన్ కేసిక్ హయాంలో రాష్ట్రం ఇస్తానన్న దాదాపు 5.2 కోట్ల డాలర్లు వెనక్కి పోయాయి. దాంతో మిట్ట మీదున్న యూనివర్సిటీ దాకా ఎక్కాల్సిన లైను కింద ఊరి నడిబొడ్డుకే కుదించుకుపోయింది.

2012 ఫిబ్రవరిలో పని మొదలైంది. 2013 నవంబరు ఎన్నికల్లో జాన్ క్రాన్లీ అనే ఆయన ట్రాం ఆపేస్తానని చెప్పి నిలబడి, రాక్సాన్ క్వాల్స్ మీద మంచి మెజారిటీతో గెలిచాడు. డిసెంబరు 4న ఊరి కౌన్సిల్ 5-4 తేడాతో పని నిలిపేసింది. అప్పటికే ఒక వీధిలో పట్టాలు పడ్డాయి, ఐదు బండ్లకి స్పెయిన్ కంపెనీ కాఫ్‌కి ఆర్డరు పోయింది. కేంద్రం కబురు పంపింది: పని ఆపితే మేమిచ్చే దాదాపు 4.5 కోట్ల డాలర్ల గ్రాంటు ఉండదు, డిసెంబరు 19 లోపల తేల్చుకోండి అని.

అప్పుడు కౌన్సిల్ ఒక మంచి పని చేసింది. పూర్తి చెయ్యడానికి ఇంకా ఎంత, ఇప్పుడే ఆపెయ్యడానికి ఎంత, ఈ రెండు లెక్కలూ బయటి ఆడిటరు కేపీఎంజీ చేత తీయించింది. పూర్తి చెయ్యడానికి ఇంకా సుమారు 6.9 కోట్ల డాలర్లు. ఆపడానికి సుమారు 1.6 కోట్ల నుంచి 4.6 కోట్ల దాకా. అప్పటికే ఖర్చయింది వేరే. కేంద్రం డబ్బు పోయేది ఇంకో వేరే. ఈ లెక్క చూశాక ఇద్దరు సభ్యులు మాట మార్చుకున్నారు. డిసెంబరు 19న 6-3తో పని మళ్ళీ మొదలుపెట్టాలని తీర్మానం. మేయరు వీటో చేసినా చెల్లని మెజారిటీ అది. 2016 సెప్టెంబరు 9న ట్రాం నడిచింది. మొత్తం ఖర్చు సుమారు 14.8 కోట్ల డాలర్లు.

నా మాట ఇది. కొత్తగా గెలిచినవాళ్ళకి ఆపే అధికారం ఉంది, కాదనను. కానీ ఆపడానికి కూడా బిల్లు ఉంటుంది. ఆ బిల్లు జనం ముందు పెట్టకుండా ఏ పనీ ఆపకూడదు. మన దగ్గర ఎవరైనా ఎప్పుడైనా ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించారా? మీరేమంటారు?

మైపాడు_గాలి

సార్, ఆ లైను ఎంత పొడుగు? 14.8 కోట్ల డాలర్లంటే మామూలు డబ్బు కాదు.

పెన్నాగట్టు (నెల్లూరు)

చుట్టు తిరిగి వచ్చేదంతా కలిపి 3.6 మైళ్ళు. అంటే ఆరు కిలోమీటర్లకి కాస్త తక్కువ. నెల్లూరు నుంచి కోవూరు పోయేంత అనుకోండి. 18 స్టాపులు.

ఒంగోలు_గిత్త

పెన్నాగట్టు గారూ, మీ లెక్కలు బాగున్నాయి గానీ నేను ఒప్పుకోను.

క్రాన్లీ దొంగచాటుగా గెలవలేదు. ఆపేస్తానని ఊరంతా చెప్పి గెలిచాడు. జనం 58 శాతం ఓట్లేశారు. గెలిచాక ఆయన చెప్పిన పని చెయ్యబోతే, ఆడిటరు రిపోర్టు చూపించి నీ మాట చెల్లదంటే ఇంక ఓటుకి విలువేముంది? మన దగ్గర అందరం తిట్టేది ఏమని? మేనిఫెస్టోలో రాసిందొకటి, గెలిచాక చేసిందొకటి అనే గదా. అక్కడ ఒకాయన రాసింది చెయ్యబోతే అదీ తప్పేనా?

ఇంకో మాట. సగం తవ్వాం కాబట్టి మిగతా సగం తవ్వాల్సిందే అనే వాదన చాలా ప్రమాదం. ఆ లెక్కన ఎవడైనా సరే పదవి దిగిపోయే ముందు నాలుగు గుంతలు తవ్వించి పోతే చాలు, తర్వాత వచ్చినవాడు చచ్చినట్టు కట్టాల్సిందే. ఎన్నికల ముందు హడావిడిగా శంకుస్థాపనలు ఎందుకు చేస్తారనుకున్నారు?

సింహపురి_చిన్నోడు (మేసన్, ఒహాయో)

అన్నా, నేను నెల్లూరోణ్ణే, దర్గామిట్ట. ఇప్పుడు ఉండేది సిన్సినాటికి దగ్గర్లో. ఈ గొడవ జరిగేటప్పుడు నేను ఈడనే ఉండా. కళ్ళారా చూసింది చెప్తా.

ఎల్మ్ వీధి అని ఉండాది, వాషింగ్టన్ పార్కు పక్కన. మొట్టమొదట పట్టాలు పడింది ఆడనే. మన రైలు పట్టా మాదిరి కంకర మీద స్లీపర్లేసి ఉండదు. రోడ్డు తవ్వి, ఇనప కమ్ముల జాలీ కట్టి, పట్టాకి కింద నుంచి పక్కల దాకా నల్లటి రబ్బరు తొడుగేసి, ఆ మీద కాంక్రీటు పోసి రోడ్డుకి సమానంగా చదును చేస్తారు. ఆ రబ్బరు ఎందుకంటే ట్రాం పైన వైరులో నుంచి తీసుకున్న కరెంటు పట్టా గుండా వెనక్కి పోతాది. అది భూమిలోకి కారితే పక్కనుండే నీళ్ళ పైపులు తుప్పు పట్టి తినుకుపోతాయి. ఇదంతా అయ్యాక పట్టా తలకాయ మాత్రం పైకి కనపడతా ఉంటాది.

పెద్ద ఖర్చు పట్టాది కాదన్నా. రోడ్డు కింద ఉండే నీళ్ళ పైపులు, గ్యాసు లైన్లు, కరెంటు కేబుళ్ళు అన్నిట్నీ పక్కకి జరపాల. వాటికి ఎవరు డబ్బు పెట్టుకోవాలని గ్యాసు, కరెంటు కంపెనీకీ ఊరికీ కోర్టు దాకా పోయింది తగువు. ఇదంతా పట్టా పడకముందే జరిగే ఖర్చు. పని ఆపినంత మాత్రాన ఆ పైపులు పాత చోటికి పోవు గదా. పోనీ పట్టాలు పెకలించాలన్నా మళ్ళీ కాంక్రీటు పగలగొట్టాల, మళ్ళీ రోడ్డు వెయ్యాల. ఆపే బిల్లు అంత పెద్దగా వచ్చింది అందుకే.

ఒంగోలు అన్నకి ఒక మాట. క్రాన్లీకి ఓటేసిన వాళ్ళందరూ ట్రాం ఆపడానికే ఓటేశారని చెప్పలేం. పోలీసులు, పెన్షన్లు, పార్కింగు, చాలా విషయాలు నడిచినై ఆ ఎన్నికల్లో. మళ్ళీ కౌన్సిల్ సభ్యుల్ని గెలిపించింది కూడా ఆ జనమే. పని ఆగినాక ట్రాం కావాలనే వాళ్ళు ఎముకలు కొరికే చలిలో వీధులెంబడి తిరిగి, రెండు వారాలు తిరక్కముందే వేలకొద్దీ సంతకాలు తెచ్చినారు. వాళ్ళ ఓటు కూడా ఓటే గదా.

ఆటోస్టాండు_విజయమహల్

నేను ఆటో తోలేవాణ్ణి సార్. మీరందరూ చదువుకున్నోళ్ళు. నాకు తెలిసింది చెప్తా.

రోడ్డు తవ్వేటప్పుడు చుట్టు తిరిగి పోతాం, డీజిలు రెండింతలు కాల్తాది, అది ఓర్చుకుంటాం. ఎందుకు, రేపు మంచి రోడ్డు వస్తాదని. తవ్వి వదిలేస్తే మాత్రం ఎవురూ ఓర్చుకోలేరు. మా వీధిలో డ్రైనేజీకని తవ్వి, మ్యాన్‌హోలు కట్టి, దాని మూత రోడ్డు కంటే జానెడు ఎత్తులో పెట్టి పోయినారు. రోడ్డేసేటప్పుడు సమానం చేస్తామన్నారు. రోడ్డు రాలేదు. రాత్రి పూట వాన పడితే ఆ మూత కనపడదు. ముందు చక్రం దాని మీదికెక్కితే బండి ఒరిగిపోతాది. లోపల ఆడోళ్ళు, పిలకాయలు ఉంటారు సార్.

ఎవురు మొదులుపెట్టినారో, ఎవురు ఆపినారో నాకొద్దు. ఆపేటప్పుడు కనీసం గుంత పూడ్చి, మూత సమానం చేసి పోవాలని ఎందుకు రాయరు?

కావలి_కాంట్రాక్టరు

విజయమహల్ అన్న అడిగింది అసలు ప్రశ్న. నేను చిన్న పనులు చేసే కాంట్రాక్టరుని, కాబట్టి ఆ గుంత ఎందుకు పూడదో చెప్పగలను.

అగ్రిమెంటు అయిన వెంటనే మేం మిషన్లు తోలతాం. ప్రొక్లెయిను, టిప్పర్లు, సెంట్రింగు సామాను, వలస కూలీలకి షెడ్లు. పని జరిగినంత మేరకు ఏఈ, అంటే సర్కారు ఇంజనీరు, వచ్చి ఎం-బుక్కులో (కొలతల పుస్తకంలో) కొలతలు రాస్తాడు, దాని మీద బిల్లు పెడతాం. ఇప్పుడు పైనుంచి పని ఆపమని కాగితం వచ్చిందనుకోండి. ఎం-బుక్కు ఎక్కని పనికి డబ్బు రాదు. ఎక్కిన బిల్లు కూడా పాత ప్రభుత్వం బిల్లని పెండింగులో పడుతుంది. మిషను అద్దె, డ్రైవరు జీతం, బ్యాంకు గ్యారంటీ మీద కమీషను మాత్రం రోజూ నడుస్తానే ఉంటాయి. అప్పు తెచ్చి పనిచేసినవాడు ఆ గుంత పూడ్చడానికి ఇంకో ట్రిప్పు గ్రావెల్ ఎక్కడ తెస్తాడు? పెద్ద కంపెనీ అయితే క్లెయిము వేసి ఆర్బిట్రేషనుకి (మధ్యవర్తి తీర్పుకి) పోతుంది, వడ్డీతో సహా తెచ్చుకుంటుంది. చిన్నవాళ్ళు ఊరొదిలి పోతారు.

మళ్ళీ మొదలుపెట్టే రోజు వచ్చిందనుకోండి. పైపు దించని ట్రెంచికి ఒక్క వానాకాలం చాలు, గోడలు జారిపోతాయి. కొత్తగా వచ్చినవాడు ముందు నీళ్ళు తోడాలి, బురద ఎత్తాలి, మధ్యలో విరిగిన మంచినీళ్ళ పైపు అతకాలి. అప్పుడు గానీ పాతవాడు ఆపిన చోటికి రాడు. అప్పటికి ఎస్‌ఎస్‌ఆర్ రేట్లు (పనులకి ప్రభుత్వం కట్టే ధరలు) మారి ఉంటాయి, ఎస్టిమేటు కొత్తది. అంటే ఒకే మీటరు ట్రెంచికి ఊరు రెండుసార్లు డబ్బు కడుతుంది.

2019లో ప్రభుత్వం మారినప్పుడు 25 శాతం కూడా పూర్తికాని పనులు ఆపి సమీక్షించమన్నారు. సమీక్ష మంచిదే. దొంగ ఎస్టిమేట్లు ఉంటే పట్టుకోవాల్సిందే. నేను అడిగేది ఒక్కటే, ఆ 25 శాతం దగ్గర గీత గీసేటప్పుడు ఏ పని ఆపితే ఎంత నష్టమో పనివారీగా లెక్క వెయ్యాలా వద్దా? మంచం మీద పడుకోబెట్టి కడుపు కోసినాక, ఆపరేషను చెయ్యాలా వద్దా అని కమిటీ వేస్తే రోగి ఏమవుతాడు?

నిర్వాహకుడు

మిత్రులకు మనవి. ప్రభుత్వాలు చేసిన పని మీద ఎంతైనా రాయండి. పార్టీ పేర్లు పెట్టి ఒకరినొకరు అనుకునే వ్యాఖ్యలు రెండు తొలగించాను. మిగతా చర్చ చాలా బాగా సాగుతోంది.

కందుకూరు_అక్క

నేను టీచర్ని. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. ఇందాకటి నుంచి కడితే ఎంత, ఆపితే ఎంత అని ఒకటే మాట్లాడుతున్నారు. ఆ ట్రాం ఎవరికోసం అని ఒక్కరూ అడగలేదు.

సిన్సినాటి ట్రాంని వ్యతిరేకించినవాళ్ళలో పన్నులు వద్దనే సంఘంతో పాటు నల్లజాతి వారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖ కూడా ఉంది. డబ్బున్నవాళ్ళ వాదన ఒకటి, పేదవాళ్ళ వాదన ఒకటి, రెండూ ఒకే వైపు ఎందుకు చేరాయో ఆలోచించారా? ఊరి చివర పేటల్లో ఉండి రెండు బస్సులు మారి పనికి పోయేవాళ్ళు, మా బస్సు గంటకొకటి వస్తుంటే నడిబొడ్డున ఆరు కిలోమీటర్ల ముచ్చటకి అంత డబ్బా అని అడిగారు. ఆ ప్రశ్నకి కేపీఎంజీ లెక్కలో జవాబు లేదు. ఆ ట్రాం పోయే ఓవర్-ద-రైన్ పేట ఒకప్పుడు పేదవాళ్ళది. పట్టా పడితే అద్దెలు పెరిగి పాతవాళ్ళు లేచిపోవాల్సి వస్తుందనే భయం కూడా ఉండింది.

మన సంగతికొస్తే, ఊళ్ళకి ఆఖరి బస్సు ఎన్ని గంటలకి పోతుందో చూసుకుని పరుగెత్తే ఆడపిల్లలకి ఏ పని ముందు కావాలో అడిగి ఎవరైనా శంకుస్థాపన చేస్తున్నారా?

ఒంగోలు_గిత్త

అక్కా, నా మనసులో మాట చెప్పావు.

పెన్నాగట్టు గారూ, మీరు సిన్సినాటి ఒక్కటే చూపించారు. రద్దు చేసి బాగుపడిన ఊరు కూడా ఉంది. వాషింగ్టన్ పక్కన ఆర్లింగ్టన్ కౌంటీ, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అక్కడ కొలంబియా పైక్ అనే రోడ్డు మీద, క్రిస్టల్ సిటీలో ట్రాం వెయ్యాలనుకున్నారు. రెండింటికీ కలిపి అంచనా 50 కోట్ల డాలర్లు దాటిపోయింది. జాన్ వీస్టాట్ అనే స్వతంత్ర అభ్యర్థి ఈ ఖర్చు వద్దని 2014లో కౌంటీని నడిపే బోర్డుకి ఏప్రిల్ ఉప ఎన్నికలో గెలిచాడు, నవంబరులో మళ్ళీ గెలిచాడు. రెండో గెలుపు తర్వాత రెండు వారాలకే, నవంబరు 18న, అంతకు ముందు దాకా ట్రాం కావాలన్న బోర్డే 4-1తో ఆపేసింది. బస్సులతో సరిపెట్టుకున్నారు. అక్కడేం కొంపలు మునగలేదు.

పెన్నాగట్టు (నెల్లూరు)

ఆర్లింగ్టన్ ప్రస్తావన తెచ్చినందుకు సంతోషం. నేను చెప్పాలనుకున్నది దాంతోనే తేటపడుతుంది.

ఆర్లింగ్టన్‌లో డిజైన్లకి, సర్వేలకి డబ్బు పోయింది. రోడ్డు మాత్రం తవ్వలేదు. పైపులు కదపలేదు, బండ్లు తయారు కాలేదు. అక్కడ రద్దు చెయ్యడం సబబే, పైగా సరైన సమయంలో చేశారు. సిన్సినాటిలో తవ్విన తర్వాత గొడవ వచ్చింది. మనం పోట్లాడాల్సింది టెండరు పిలవకముందు. డీపీఆర్ (పని మొత్తం వివరాల నివేదిక) తయారయ్యేటప్పుడు, అలైన్‌మెంటు గీసేటప్పుడు, అక్క అడిగిన ప్రశ్న అడిగేటప్పుడు. ఆ వేళకి మన దగ్గర ఎవరూ ఉండరు. ప్రజాభిప్రాయ సేకరణ అని షామియానా వేస్తే ముందు వరసలో అధికారులు, వెనక వరసలో తోలుకొచ్చిన జనం. అసలు గొడవ ప్రొక్లెయిను వచ్చాక మొదలవుతుంది.

గిత్త గారు చెప్పిన ప్రమాదం, దిగిపోయే ముందు నాలుగు గుంతలు తవ్వి పోయే ప్రమాదం, నిజమే. రామాయపట్నం రేవుకి 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2022 జూలైలో ఇంకో ముఖ్యమంత్రి మళ్ళీ చేశారు. దగదర్తి విమానాశ్రయానికి కూడా ఆ 2019 ఎన్నికల ముందే శంకుస్థాపన జరిగింది. రాయి వేసినంత మాత్రాన తవ్వినట్టు కాదు. అందుకే ఆపే బిల్లు కట్టించమంటున్నాను. రాయి మాత్రమే వేసిన పనికి ఆ బిల్లు కొద్దిగా వస్తుంది, ఆపెయ్యొచ్చు. సగం కట్టినదానికి భారీగా వస్తుంది. ఏది ఉత్తుత్తి శంకుస్థాపనో ఏది నిజం పనో ఆ కాగితమే చెబుతుంది.

దోర్నాల_రైతు

అయ్యా, ఎవరూ వెలిగొండ ప్రాజెక్టు పేరు ఎత్తలేదే?

1996లో శంకుస్థాపన చేశారు. అప్పుడు పుట్టిన పిలకాయలకి ఇప్పుడు పిల్లలున్నారు. శ్రీశైలంలో వరద నీళ్ళు 43.5 టీఎంసీలు నల్లమల కొండ కింద సొరంగాల్లో తెచ్చి, సుంకేసుల, కాకర్ల, గొట్టిపడియ దగ్గర కొండల మధ్య ఖాళీలు మూసి, నాలుగు లక్షల నలభై ఏడు వేల ఎకరాలకి ఇస్తామన్నారు. ఒక్కో సొరంగం దాదాపు 18.8 కిలోమీటర్లు. మొదటిది 2021లో తవ్వడం అయింది, రెండోది 2024 మొదట్లో అయింది. 2024 మార్చిలో ప్రారంభోత్సవం చేశారు. ఫీడరు కాలవ పనులూ, ముంపు ఊళ్ళ వాళ్ళకి ఇవ్వాల్సిన పరిహారమూ అప్పటికి మిగిలే ఉన్నాయి.

మీరు ఆపడం గురించి మాట్లాడుతున్నారు. వెలిగొండని ఎవరూ రద్దు చేస్తామనలేదు. అన్ని ప్రభుత్వాలూ మాదే మాదే అన్నాయి. అయినా ఇన్నేళ్ళు పట్టింది. రద్దు కాగితం ఉంటే కోర్టుకన్నా పోవచ్చు, సంతకాలన్నా పెట్టొచ్చు. బడ్జెట్టులో కాస్త విదిలించి, పని నడిచీ నడవనట్టు ఉంచితే ఎవరి మీద పోట్లాడాలి? ముంపు ఊరి వాళ్ళ బతుకు చూడండి. ఎప్పుడో ఒకప్పుడు లేచిపోవాల్సిన ఊరని ఇంటికి కొత్త కప్పు వేసుకోరు, బోరు వేసుకోరు, ఆ ఊరికి పిల్లనివ్వడానికి జంకుతారు. కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుములు వంగిపోయినవాళ్ళు నీళ్ళ కోసం చూస్తానే పోయారు.

ఆ అమెరికా ఊరోళ్ళకి ఒక తేదీ పెట్టారు చూశారా, డిసెంబరు 19 లోపల తేల్చమని. మాకు ఎవరైనా అట్టాంటి తేదీ ఒకటి పెడితే చాలు.

కావలి_కాంట్రాక్టరు

దోర్నాల పెద్దాయన మాట అక్షరాలా నిజం. బడ్జెట్టు ఆపడమంటే కాగితం లేకుండా పని ఆపడమే.

మద్రాసు_మెయిలు (గూడూరు)

ట్రాం అన్నారు కాబట్టి ఒక పాత సంగతి. మన నెల్లూరోళ్ళు ట్రాం ఎక్కింది మద్రాసులోనే. 1895లో మొదలైంది అక్కడ. మా నాయన చదువుకునే రోజుల్లో సెంట్రల్‌లో దిగి ట్రాం ఎక్కేవాణ్ణని చెప్పేవాడు. కంపెనీ నష్టాల్లో పడి 1953 ఏప్రిల్‌లో ఆగిపోయింది. మనకి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది కూడా ఆ ఏడు అక్టోబరులోనే. ఆపిన తర్వాత అదే మద్రాసులో ఇప్పుడు మెట్రో కోసం వేల కోట్లు పెట్టి భూమి కింద తవ్వుతున్నారు. కలకత్తాలో ఒక్క మైదాన్ దారి తప్ప మిగతా ట్రాములు ఆపేస్తామని 2024లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది.

ఇంకోటి. దుగరాజపట్నం రేవు. 2014 విభజన చట్టంలోనే రాసిపెట్టారు, 2018కల్లా మొదటి దశ అయిపోవాలని. పక్కన శ్రీహరికోట, ఇటు కృష్ణపట్నం, రెండూ అడ్డమన్నారు. చట్టంలో రాసిన పనే జరగనప్పుడు, ఆపేటప్పుడు ఎందుకు ఆపుతున్నారో అంతే గట్టిగా రాసి ఇవ్వాలి గదా? శ్రీహరికోట అక్కడ కొత్తగా వచ్చింది కాదు. చట్టం రాసేటప్పుడూ అక్కడే ఉంది.

సింహపురి_చిన్నోడు (మేసన్, ఒహాయో)

గూడూరు పెద్దాయనా, ఇట్టాంటిదే ఈడా ఉండాది. సిన్సినాటి రోడ్ల కింద ఒక సబ్‌వే ఉండాది, ఒక్క రైలు కూడా నడవని సబ్‌వే. 1916లో 60 లక్షల డాలర్ల అప్పుకి జనం ఒప్పుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, పని మొదలయ్యేసరికి 1920. సిమెంటు, ఇనుము రేట్లు అప్పటికి ఆకాశానికి పోయినై. డబ్బు అయిపోయింది, వదిలేశారు. సొరంగాలు ఇప్పటికీ సెంట్రల్ పార్క్‌వే కింద అట్టనే ఉండాయి. ఆ అప్పు మాత్రం వడ్డీతో కలిపి 1966 దాకా కట్టినారు. మొత్తం కోటీ ముప్ఫై లక్షల డాలర్లు. నడవని రైలుకి తాతలు మొదులుపెట్టిన బాకీ మనవళ్ళు తీర్చినారు. 2013లో ట్రాం కావాలనే వాళ్ళకీ వద్దనే వాళ్ళకీ ఇద్దరి నోట్లోనూ ఈ సొరంగమే. వద్దనేవాళ్ళు మళ్ళీ అట్టాంటిది మొదలుపెట్టొద్దన్నారు, కావాలనేవాళ్ళు మళ్ళీ అట్ట సగంలో వదిలిపెట్టొద్దన్నారు.

అక్క అడిగిన దానికి నిజం చెప్పాల. ట్రాం మొదలైన కొత్తల్లో అనుకున్నంత మంది ఎక్కలా. సిగ్నళ్ళ దగ్గర కార్లతో పాటు ఆగి ఆగి పోయేది. టికెట్టు మిషన్లు సరిగ్గా పనిచేసేవి కావు. చలికాలంలో బండ్లు మొరాయించేవి. వద్దన్నవాళ్ళు చెప్పలేదా అన్నారు, అనే హక్కు వాళ్ళకుండాది. 2020 సెప్టెంబరు నుంచి టికెట్టు తీసేసి ఉచితం చేసినారు. 2023లో ఏడాదికి ఎక్కేవాళ్ళు పది లక్షలు దాటినారు. బస్సుల మాట కూడా విన్నారు. 2020లోనే కౌంటీ జనం బస్సుల కోసం, రోడ్ల కోసం అమ్మకం పన్ను 0.8 శాతం పెంచుకోడానికి ఓటేసినారు, చాలా కొద్ది తేడాతో.

కందుకూరు_అక్క

బాగా చెప్పావు తమ్ముడూ. టికెట్టు తీసేస్తే ఏమవుతుందో మనకి వేరే చెప్పాల్సిన పనిలేదు. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆర్టీసీలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం. ఆటోకి డబ్బుల్లేక ఆగిపోయినవాళ్ళు ఆసుపత్రికి పోతున్నారు, పుట్టింటికి పోతున్నారు, మా బడి పిల్లల తల్లులు మీటింగుకి వస్తున్నారు. బస్సులు మాత్రం పెరగాల్సినంత పెరగలేదు. నిలబడి పోతున్నాం.

అయితే ఒకటి. మా ఊరి బస్సు సంగతి అడగడానికి కూడా ఇదే లెక్క కావాలి. ఈ రూటు నడిపితే ఎంత, ఆపితే ఎవరికి ఎంత నష్టం. ఆపితే మిగిలిన డీజిలు లెక్క డిపోలో ఉంటుంది. ఆపితే చదువు మానేసిన పిల్ల లెక్క ఏ కాగితంలోనూ ఉండదు. పెన్నాగట్టు గారూ, మీరు చెప్పే ఆపే బిల్లులో ఆ గడి కూడా పెట్టండి.

ఆటోస్టాండు_విజయమహల్

గుంతలో పడినోళ్ళ ఆసుపత్రి ఖర్చు గడి కూడా.

పెన్నాగట్టు (నెల్లూరు)

రెండూ పెట్టాల్సిందే. నా అనుభవంలో ఎస్టిమేటులో లేని ఖర్చంతా జనం జేబులోంచే పోతుంది.

ఇక చెయ్యగలిగింది మాట్లాడుకుందాం. సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెడదాం. జిల్లా స్థాయి ఆఫీసుకి రుసుము పది రూపాయలు, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. మీ ఊళ్ళో ఆగిపోయిన పని ఒకటి తీసుకోండి. అగ్రిమెంటు విలువ ఎంత, నేటి వరకు చెల్లించింది ఎంత, కొలతలు రాసి కూడా చెల్లించనిది ఎంత అని అడగండి. మిగిలిన పనికి ఇప్పటి రేట్ల ప్రకారం ఎస్టిమేటు వేశారా, వేస్తే దాని నకలు ఇవ్వండి అనండి. పని ఆపమని ఇచ్చిన ఉత్తర్వు నకలు, అది ఇచ్చే ముందు నష్టం లెక్క వేసిన ఫైలు ఉంటే దాని నకలు కూడా అడగండి. ఎందుకు ఆపారు అని మాత్రం రాయొద్దు. ఉన్న కాగితమే ఇస్తాం, అభిప్రాయాలు చెప్పం అని తిప్పి పంపుతారు. ఆ ఫైలు లేదని రాసిచ్చినా మనకి అదే జవాబు.

కావలి_కాంట్రాక్టరు

దానికి తోడు ఎం-బుక్కులో ఆఖరి కొలత ఏ తారీఖున రాశారో ఆ పేజీ నకలు అడగండి. పని నిజంగా ఎప్పుడు ఆగిందో ఉత్తర్వులో కాదు, ఆ పేజీలో తెలుస్తుంది. అవకాశముంటే పనిని స్వయంగా చూసే తనిఖీకి కూడా అర్జీలోనే అడగొచ్చు, చట్టంలో ఉంది.

ఒంగోలు_గిత్త

ఒంగోలులో ఒక పని మీద నేను పెడతాను. గెలిచినవాడికి ఆపే హక్కు ఉందనే మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నా. ఆపినవాడు లెక్క చెప్పి ఆపాలన్న దానికి నాకు అభ్యంతరం లేదు. మొదలుపెట్టేవాడు కూడా, మధ్యలో ఆగితే ఇంత నష్టం అని ఆ శంకుస్థాపన రాయి మీదే చెక్కించాలి. అది కూడా అడుగుదాం.

దోర్నాల_రైతు

వెలిగొండ మీద నేను పెడతా. నిర్వాసితుల పరిహారం ఎంత మంజూరైంది, ఎంత ఇచ్చారు, ఊరి వారీగా కావాలి నాకు. ఈ అర్జీ ఏ ఆఫీసుకి పెట్టాలి? ప్రాజెక్టు ఇంజనీర్ల ఆఫీసు ఒకచోట, భూసేకరణ ఆఫీసు ఒకచోట. ఇంతకు ముందు ఒకసారి పెడితే మాది కాదు అని తిప్పి పంపారు.

పెన్నాగట్టు (నెల్లూరు)

తిప్పి పంపకూడదండీ. సెక్షన్ 6(3) ప్రకారం ఆ సమాచారం ఎవరి దగ్గరుంటే వాళ్ళకి ఐదు రోజుల్లోపల వాళ్ళే బదిలీ చేసి, మీకు కబురు చెయ్యాలి. భూసేకరణ ఆఫీసుకే పెట్టండి, అర్జీ కింద ఆ సెక్షన్ నంబరు రాయండి. పోస్టులో అయితే రిజిస్టరు చేసి రసీదు దాచుకోండి. ముసాయిదా రాసి రేపు సాయంత్రానికి ఇక్కడే పెడతాను.